శిశువుల యనుకరణము, పెద్దల బాధ్యత



గోదావరీతీరమున బాసరలో, జ్ఞానసరస్వతీ దేవాలయమున, అక్షరాభ్యాసము జరుగుట మీలో పెక్కండ్రు చూచియే యుందురు. తండ్రి బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొనును. ఎదుట పళ్లెములో బియ్యముండును. బిడ్డయొక్క చిన్ని వ్రేలిని తన చేతితో పట్టుకొని ఆ బియ్యముమీద మొదటి యక్షరమును వ్రాయించును. 2016వ సంవత్సరము వఱకు ఆదిలాబాదు జిల్లాలో నుండి, పిమ్మట నిర్మల్ జిల్లాలో చేరిన ఈ గ్రామమునకు తెలుగుదేశపు నలుమూలలనుండియు తలిదండ్రులు బిడ్డల నెత్తుకొని వత్తురు. నేనును ఒకప్పు డచట నిలిచి చూచుచుంటిని. అక్షరము పూర్తియైన తోడనే ఒక తండ్రి వ్రేలి కంటిన బియ్యపుగింజను విదిలించి, జారిన యుత్తరీయమును ఎడమభుజముమీదికి త్రోసికొనెను. ఆ బిడ్డయు నట్లే వ్రేలు విదిలించి, తనకు లేని యుత్తరీయమును భుజముమీదికి త్రోసికొనెను. చూచినవారందఱును నవ్విరి. నేనును నవ్వితిని. కాని యింటికి మరలిన పిదప ఆ నవ్వు నన్ను విడువక యొక ప్రశ్నగా మాఱినది. అక్షరము నేర్వదగినదనియు, ఉత్తరీయము త్రోసికొనుట నేర్వ నక్కఱలేనిదనియు ఆ బిడ్డ కెవరు చెప్పిరి? రెంటిని నొకే శ్రద్ధతో గ్రహించినది. ఆ లేని యుత్తరీయమును గుఱించియే నేడు మీతో కొంత విచారింప దలచితిని.

అక్కఱలేని చేష్టలను గూడ పసివా రేల యనుకరింతురు? తెలివి చాలకయే యని మనము సులభముగా చెప్పివేయుదుము. అది నిజమగునేని, మనకంటె తెలివి తక్కువయని మనము తలచు మృగములు మఱింత గ్రుడ్డిగా ననుకరింపవలెను గదా? ఈ సంగతిని పరీక్షించి చూచినవారు కలరు. విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ అను నిద్దఱు శాస్త్రజ్ఞులు 2005వ సంవత్సరమున తమ పరీక్షను ప్రకటించిరి. వారియొద్ద ఒక పెట్టె కలదు. దానికి పైన నొక రంధ్రము, ముందు నొక రంధ్రము. లోపల నొక తినుబండారము. చూపించువాడు మొదట ఒక పుల్లతో పైరంధ్రములో పొడుచును. దానివలన ప్రయోజన మేమియు లేదు. పిదప ముందరి రంధ్రమున పుల్ల చొనిపి పండారమును వెలికి తీయును. పెట్టె లోపల కనబడనిదైనప్పుడు చింపాంజీ కోతులు రెండు పనులను నట్లే చేసినవి. పెట్టె గాజువలె పారదర్శకమై, పైపోటు వ్యర్థమని కంటికి కనబడినప్పుడు అవి దానిని మాని, సూటిగా ముందరి రంధ్రమునే యాశ్రయించినవి. మూడు నాలుగేండ్ల మనుష్యశిశువులో? పెట్టె కనబడినను కనబడకున్నను, పైరంధ్రమున పొడిచిరి. పిదపనే పండారమును తీసిరి.

ఇది యొక్కచోటి వింత యనుకొనకుడు. 2007లో డెరెక్ లైయన్సును ఆయన సహచరులును అమెరికాలో శిశువులకు ముందుగనే, చూపించువాడు చేయు పనులలో వెఱ్ఱిపను లేవో కనిపెట్టి చెప్పుమని నేర్పిరి. శిశువులు చక్కగా చెప్పిరి. అయినను తమవంతు వచ్చినప్పుడు ఆ వెఱ్ఱిపనులనే మరల చేసిరి. వలదని హెచ్చరించినను చేసిరి. ఈ గుణమునకు ఆంగ్లేయభాషలో వారు పెట్టిన పేరును మనము అత్యనుకరణ మనవచ్చును. నాగరిక పట్టణములలోని పిల్లల కిది యలవాటేమో యను సందేహము 2010లో తీఱినది. దక్షిణాఫ్రికాయందలి కలహారి ఎడారిలో వేటచే జీవించిన జాతుల శిశువులును, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరపు శిశువులును ఒకేరీతిగా ననుకరించిరి. 2018లో కాంగోదేశపు బోనోబో కోతులకు, పెట్టె తెఱచుటకు ముందు గాలిలో గీతలు గీయుట మున్నగు వ్యర్థచేష్టలను చూపిరి. నలువదియాఱింటిలో ఒక్కటియు వానిని చేయలేదు. శిశువులలో పెక్కండ్రు చేసిరి.

మృగములలో నిట్టి యనుకరణ మసలే లేదా యన్నచో, అచ్చటచ్చట కలదు. జాంబియాదేశమున చింఫున్షీ యను శరణాలయములో జూలీ యను నొక చింపాంజీ 2010 ప్రాంతమున చెవిలో గడ్డిపోచ నొకటి పెట్టుకొని తిరుగసాగెను. అందువలన దానికి కలిగిన లాభ మేమియు కనబడదు. అయినను దానితో కలిసి బ్రదుకు చింపాంజీలును ఒక్కొక్కటిగా చెవులలో గడ్డి పెట్టుకొనినవి. పండ్రెండింటి గుంపులో ఎనిమిదింటికి ఆ యలవాటు పట్టినది. జూలీ మరణించిన తరువాతను కొన్ని దానిని విడువలేదు. మఱియు వియన్నా నగరమున 2018లో జరిపిన పరీక్షలో, యజమానులు గోడమీది రంగుచుక్కలను తాకి పిదప తలుపు జరిపి తిండి చూపగా, కుక్కలలో సుమారు సగము ఆ చుక్కలను గూడ తాకినవి. పిమ్మటి యొక పరీక్షలో పరిచయము లేనివాడు చూపినప్పుడు మాత్ర మంతగా తాకలేదు. ఈ కడపటి మాటను మనస్సున నుంచుకొనుడు. కుక్క తనకు ప్రియమైనవాని చేష్టనే యెక్కువగా ననుకరించినది. ప్రేమ యున్నచోట అనుకరణము పెరుగును.

అట్లయిన, కోతి వివేకియు మన బిడ్డ యవివేకియు నని తీర్పు చెప్పుదుమా? తొందరపడకుడు. 2002లో గెర్గెలీ ప్రభృతులు పదునాలుగు నెలల పసివారి యెదుట ఒక స్త్రీచేత నొసటితో దీపమును నొక్కి వెలిగింపజేసిరి. ఆమె చేతులు దుప్పటిలో చిక్కుకొని యున్నప్పుడు నూటికి ఇరువదియొక్కరు మాత్రమే నొసటితో నొక్కిరి. తక్కినవారు చేతులతోనే పని జరిపిరి. ఆమె చేతులు స్వేచ్ఛగా నుండియు నొసటినే యుపయోగించినప్పుడు నూటికి అఱువదితొమ్మండ్రు నొసటితో నొక్కిరి. ఇందలి యర్థమేమి? మాటలాడనేరని పసిపాప సయితము, "ఈమెకు చేతులు లేక యిట్లు చేసినది" అనియు, "ఈమెకు చేతులుండియు నిట్లు చేసినది గనుక నిందేదో కారణ ముండవలెను" అనియు భేదము గ్రహించినది. ఇది గ్రుడ్డితనము కాదు. పెద్దలు బుద్ధిపూర్వకముగా చేసినది వ్యర్థము కాదను నమ్మకము.

ఆ నమ్మక మెంత యవసరమో తెలియవలెనన్న మన ఆదిలాబాదు సీమకే పోవుదము. జైనూరు మండలమున ఉషేగాఁవు అను పల్లెలో వోజులు ఇత్తడి ప్రతిమలు పోతపోయుదురు. 2018లో ఆదిలాబాదు డోక్రా యను పేర నీ విద్యకు భౌగోళిక గుర్తింపు లభించినది. మొదట మట్టితో లోపలి ముద్దను చేయుదురు. దానిమీద మైనమును సన్నని దారములుగా తీసి, వెండ్రుకవాసి తేడాలేకుండ చుట్టుదురు. దానిమీద మరల మట్టి మెత్తుదురు. పిదప అగ్నిలో పెట్టుదురు. అంత శ్రమపడి తీర్చిన మైనమంతయు కరగి పోవును! ఆ ఖాళీలోనికి కరగిన యిత్తడి ప్రవహించి ప్రతిమ యగును. ఇప్పుడు ఐదేండ్ల బాలుని కన్నులతో చూడుడు. తండ్రి దినమెల్ల మైనమును చుట్టి, సాయంకాలమునకు కాల్చివేయుచున్నాడు. ఇంతకన్న వ్యర్థమైన పని లోకమున నేమున్నది? ఆ బాలుడు తన కర్థము కానిదాని నెల్ల విడిచిపెట్టు వివేకియైనచో మొట్టమొదట మైనమునే విడిచిపెట్టును. ఆ దినముతో ఆ విద్య యంతరించును.

నిర్మల్‌లో కొయ్యబొమ్మలు చేయు నకాషీవారి యింటను ఇంతే. తేలికయైన పొనికికఱ్ఱతో అవయవములను విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురును రంపపుపొట్టును కలిపిన లప్పముతో నతుకుదురు. పిదప సుద్ద పూసి, ఆ పిమ్మటనే రంగు వేయుదురు. బొమ్మ పూర్తియైన తరువాత ఆ లప్పమును గాని, ఆ సుద్దను గాని ఎవ్వడును చూడడు. చూడనిదాని కింత శ్రమ యేల యని శిష్యు డడుగక, గురువు చేసినట్లు చేయుచు పోవును. పదియేండ్లకు కారణము తానే తెలిసికొనును. మనుష్యుని విద్యలన్నియు నిట్టివే. ఒక్కొక్క తరము తన బుద్ధితో కనిపెట్టగలిగినంత మాత్రమే నేర్చుకొన్నచో, మనమును చింపాంజీలవలె పుల్లతో చెదపురుగులను తీయుచుండెడివారము. తెలియకముందే నమ్మి చేయుటవలననే తరతరముల జ్ఞానము పసిచేతులలోనికి దిగినది. కావున, సోదరులారా, ఈ గుణము దోషము కాదు. పరమేశ్వరుడు మనుష్యశిశువునకు పాలతోపాటు ప్రసాదించిన మహాధనము.

కాని యే ద్వారమున ధనము వచ్చునో ఆ ద్వారముననే దొంగయు వచ్చును. తద్దినమునాడు పిల్లిని గంపక్రింద మూసిన కథ మనమందఱ మెఱిగినదే. తండ్రి పాలు త్రాగునను భయముతో పిల్లిని మూసెను. కుమారుడు లేని పిల్లిని వెదకి తెచ్చి మూసెను. ఆ కుమారుని చూచి మనము నవ్వుదుము. ఆ తండ్రిని ఎవ్వరైనను ప్రశ్నించితిమా? "పిల్లి పాలు త్రాగును గనుక మూయుచున్నాను, నాయనా" అని యొక్కమాట అతడు చెప్పియుండిన, కథయే లేకపోవును. తప్పు కుమారుని యనుకరణమున లేదు, తండ్రి మౌనమున నున్నది.

ఆ తండ్రిని గుఱించి మాటలాడు నధికారము నాకును లేదు. ఏల యనగా, ఆ తండ్రిని నేనే. మానేరు ఒడ్డున మా స్వగ్రామములో, నా బాల్యమున, పొలము పనికి వచ్చు దళితులకు మా యింట దాహ మిచ్చు పద్ధతి యొకటి యుండెను. వారు వాకిట వంగి దోసిలి పట్టుదురు. మా తాతగారు చెంబును మిక్కిలి యెత్తి, ధారగా పోసి, పోసిన పిదప ఒక యడుగు వెనుకకు వేయుదురు. ఎందు కట్లు చేయవలెనో నా కెవ్వరును చెప్పలేదు. నే నడుగను లేదు. చూచితిని, నేర్చుకొంటిని. పెరిగి, చదివి, మనుష్యు లందఱు నొక్క తండ్రి బిడ్డలని నమ్మితిని. సభలలో చెప్పితిని. అంటరానితనమును రద్దుచేసిన రాజ్యాంగపు 17వ అధికరణమును నలుగురికిని వివరించితిని. నా నమ్మకము మాఱినది. నా చేయి మాత్రము మాఱలేదు.

కొన్నేండ్ల క్రిందట వేసవిలో నా మనుమరాలు, నాలుగేండ్లది, వాకిట బొమ్మరిండ్ల ఆట ఆడుచుండెను. మా యింటికి పనికి వచ్చు నొక వృద్ధురాలి మనుమరాలును ఆమెతో నాడుచుండెను. మా పిల్ల చిన్న చెంబుతో నీరు తెచ్చి, తలపై కెత్తి, ఆ పిల్ల దోసిటిలో పోసి, ఒక యడుగు వెనుకకు వేసెను. మా తాతగారి యడుగు! ఆయన గతించి నలువదియేండ్లైనది. ఆ పిల్ల ఆయనను చూచి యెఱుగదు. నేను వణకి, "ఇట్లెందుకు పోసినవు బిడ్డా?" అని యడిగితిని. "నువ్వు గట్లనే పోస్తవు గద తాతా!" అని యా పిల్ల నిర్మలముగా నవ్వెను. అందు ద్వేషము లేదు, గర్వము లేదు. ఉత్తరీయము లేకయే భుజము సవరించుకొనిన బాసరలోని బిడ్డ నవ్వే యది. నాపై నామెకు గల ప్రేమయే ఆ చెంబును పై కెత్తినది.

నే నా వృద్ధురాలిని పిలిచి, లోటాతో నీరిచ్చి, "తప్పైపోయినదమ్మా, ఇకమీద నిట్లు త్రాగుము" అంటిని. ఆమె లోటాను ముట్టక, వంగి దోసిలి పట్టినది. "వద్దు దొరా! పైకెల్లి పోస్తెనే నాకు తాగొస్తది. చిన్నప్పటి సంది గంతే" అన్నది. ఆమెయు తన తల్లిని చూచి నేర్చినదే గదా! పోయువాని చేతికిని, పట్టువారి దోసిలికిని ఒకే పాఠశాల. లోటా ఆమె చేతికి చేరుటకు పదునైదు దినములు పట్టినది. అన్నిదినములును మా మనుమరాలు అరుగుమీద కూర్చుండి చూచుచునే యుండెను. నేను చెప్పిన మాటలకన్న ఆ చూచుటయే మే లైనదని నా నమ్మకము.

పెద్దవారి యనుకరణము కాలక్రమమున తగ్గునని యనుకొందుమేమో. 2011లో ప్రకటించిన యొక పరీక్షలో నికోలా మెక్‌గిగన్ ప్రభృతులు కనుగొన్నదేమనగా, వ్యర్థచేష్టలను పసివారికన్న పెద్దవారే యెక్కువ యథాతథముగా ననుకరించిరి. వయస్సుతో నీ గుణము తఱుగుట లేదు, పెరుగుచున్నది! కనుక పసివారిని దిద్దుటకు ముందు మన చేతులను మనమే చూచుకొనవలసి యున్నది.

అట్లని పనికి ప్రయోజనము లేని ప్రతి చేష్టను పాఱవేయుడని నేను చెప్పను. కరీంనగరపు వీధులలో బతుకమ్మనాడు స్త్రీలు వలయముగా తిరుగుచు చప్పట్లు చఱతురు. తల్లి చఱచినట్లే చంకదిగిన బిడ్డయు చఱచును. చప్పట్లవలన పూలు వికసింపవు, చెఱువు నిండదు. కాని యా వలయములో నొకరి వెనుక నొకరు నడచుటచే, "నేను వీరిలోని దానను" అని యా బిడ్డ నేర్చుకొనును. శిశువు అనుకరించునది పనికొఱకు మాత్రమే కాదు, మనలో నొకరుగా నుండుటకును. నమస్కరించుట, పెద్దలు వచ్చినప్పుడు లేచుట, అన్నమునకు ముందొక క్షణము కన్నులు మూయుట, ఇట్టివి పనికి వ్యర్థములే, బ్రదుకునకు గావు. అందుచేత పరీక్షింపవలసిన ప్రశ్న "దీనివలన పని జరుగునా?" అని మాత్రమే కాదు. మైనమువలె మన కింకను తెలియని కారణ మేదైన నిందున్నదా? లేనిచో, చప్పట్లవలె నిది మనుష్యులను దగ్గఱ చేయుచున్నదా? లేక, ఆ వెనుకడుగువలె నొకనిని దూరము చేయుచున్నదా? మొదటి రెండింటిని భద్రముగా నప్పగింతము. మూడవదానిని మనతోనే ముగింతము.

ఇందునకు సాధన మొక్కటే: చేయుచు కారణము చెప్పుట, చెప్పలేనిదానిని చేయకుండుట. మన సీమలోనే దీనికొక చక్కని దృష్టాంత మున్నది. 1940లో జోడేఘాట్ కొండలలో కుమురం భీము నేలకొరిగిన పిదప, నిజాము ప్రభుత్వము గోండుల స్థితిని పరిశీలించుటకు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫు అను మానవశాస్త్రజ్ఞుని నియోగించినది. ఆయన ప్రోత్సాహమున 1943లో మార్లవాయి గ్రామమున ఉపాధ్యాయ శిక్షణకేంద్రము వెలసినది. గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేసి, గోండీభాషలోనే వాచకములు వ్రాయించిరి. అర్థము కాని భాషలో గురువు పలికిన ధ్వనిని శిష్యుడు పలుకుట యొక విధమైన అత్యనుకరణమే గదా! తన తల్లిపలికిన మాటయే పలకమీద కనబడినప్పుడు, ఆ బాలుని చదువు ప్రతిధ్వని కాక జ్ఞానమైనది. మన యిండ్లలోను అట్టి చిన్న మార్లవాయి యొకటి యుండవలెను. బిడ్డ "ఎందుకు?" అని యడిగినప్పుడు "పెద్దలు చెప్పిరి" అను మాట మన నోటినుండి రాకుండుగాక. "నాకును తెలియదు, ఇద్దఱము కలిసి తెలిసికొందము" అని చెప్పుట యవమానము కాదు.

మీరు నేడిల్లు చేరినప్పుడు మీ వాకిట నొక జత కన్నులు మిమ్ము చూచుచుండును. మీరు చెప్పులు విడుచు తీరును, పనివానిని పిలుచు స్వరమును, భార్య మాటకు మొగము త్రిప్పుకొను విధమును, మీకు తెలియకుండనే మీరు చేయు నొక్కొక్క వెనుకడుగును ఆ కన్నులు వ్రాసికొనుచున్నవి. బియ్యముమీద వ్రాసిన యక్షరము చెదరిపోవును. ఇది చెదరదు.

పరమేశ్వరా! మమ్ము చూచి నేర్చుకొనుమని పసివారిని మా యొడిలో నుంచితివి. వారి నమ్మకమునకు మేము తగినవారము కాము. మా చేతులకు మా నమ్మకముతో సమానమైన శుచిని ప్రసాదింపుము. మా పెద్దలు ప్రేమతో నిచ్చినదానిని ప్రేమతో నప్పగించు భక్తిని, వారు తెలియక యిచ్చినదానిని తెలిసి ముగించు ధైర్యమును మాకు దయచేయుము. మా బిడ్డలు మా ననుకరించిన దినమున, మేము సిగ్గుపడకుందుము గాక.

ఓం శాంతిః శాంతిః శాంతిః